రిమార్కుల గడిలో నా చేతిరాత

నాలుగు మాటలు. పదహారేళ్లుగా మోస్తున్నాను. ఒక చిన్న బడి ప్రవేశ రిజిస్టరులో, చివరి గడిలో, నీలం సిరాతో రాసిన మాటలు. రాయడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. రాసిందెవరో నిన్నటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. ఇంకొకరు రాశారని నమ్మించాను. నమ్మించడానికి అర్జీలు రాశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పితే నా నోటికి ఒకటే పని వచ్చు. ఫిర్యాదు.

నా గురించి ముందు ఇది తెలుసుకోండి. నేను మరిచిపోను. ట్రైనింగు రోజుల్లో హాస్టల్ వార్డెను అందరికీ కంచాలు పంచి, నా దగ్గరికి వచ్చేసరికి, నువ్వు కొండ మనిషివి కదా, ఆకులో తినడం అలవాటేగా అన్నాడు. ఆయన మొహం, ఆనాటి కూర, రెండూ గుర్తున్నాయి. చర్చిలో పంట పండగనాడు కానుకలు తెచ్చినవాళ్ల పేర్లు చదువుతూ పాస్టరు గారు మా అమ్మ పేరు వదిలేశారు. ఆమె తెచ్చింది చిన్న మూటెడు సామలు. చదవడానికి అవి సరిపోలేదేమో. ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను. ఆ తరువాత ఆయన పైవాళ్లకు రాశాను. ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. కొందరు కోళ్లను పెంచుకున్నట్టు నేను వాటిని పెంచుకున్నాను. అన్నీ గూటికి చేరాయో లేదో చూసుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు.

మాది అనంతగిరి వైపు. మిషను బడిలో చదివి మాస్టరునయ్యాను. డుంబ్రిగుడ సంతకు రెండు గంటల నడక దూరంలో, కొండవాలులో ఉన్న ఒక ఊరికి నన్ను వేశారు. ముప్పై ఇళ్లుంటాయి. ఊరి పేరు రాయను. వాళ్ల తెగ పేరూ రాయను. రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఒక ఆడపిల్ల తెలుస్తుంది. ఆమె పడింది చాలు.

ఆ ఊరివాళ్లు మొదటినుంచీ ఆ కొండ మీద ఉన్నవాళ్లు కారు. వాళ్ల పాత ఊరు అవతల ఒరిస్సాలో కట్టిన జలాశయం కింద మునిగిపోయింది. పెద్దవాళ్లు విత్తనాలు, కుండలు, అమ్మోరి రాయి నెత్తిన పెట్టుకుని కొండలు దాటి ఇటు వచ్చారు. ఇంట్లో తమ భాష, సంతలో ఒరియా, నాతో తెలుగు. బడి గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో నా కాపురం. కాపురం అంటే నేనొక్కణ్నే. పెళ్లి కుదరలేదు. దాని మీద కూడా నాకు ఫిర్యాదులున్నాయి, అవి ఇప్పుడు వద్దు. ఊరి పెద్ద బుద్ర నా వయసువాడు. బుధవారం పుట్టాడు కాబట్టి బుద్ర. శుక్రవారం పుట్టింది కాబట్టి అతని కూతురు సుక్రి.

ఇప్పుడు మీకొక దూరదేశం సంగతి చెప్పాలి. అడ్డుకథ అనుకోకండి. అది నాకు తెలియకపోయి ఉంటే, నేను చేసింది తెలివితక్కువ పని అయ్యేది. తెలిసి చేశాను కాబట్టి పాపమైంది.

సోవియట్ యూనియన్ చెదిరిపోయిన మరుసటి ఏడు, సంతలో ఎండుచేపలమ్మే ఆవిడ నా చేపల్ని నున్నటి రంగు కాగితంలో చుట్టి ఇచ్చింది. విప్పితే మంచు కొండ బొమ్మ, కింద తెలుగు అక్షరాలు. మాస్కోలో అచ్చయి ఒకప్పుడు మన దగ్గర చవగ్గా దొరికిన పుస్తకాల్లో ఒకటి. ఆ దేశం పోయాక అవి చిత్తుకాగితాలుగా సంతలకు చేరాయి. ఇంకో రెండు గుప్పెళ్ల చేపలు కొని మిగిలిన పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ దానికి ఆ వాసన పోలేదు.

కాకసస్ కొండల్లో కబర్దీనో-బల్కారియా అనే స్వయంప్రతిపత్తి గణతంత్రం గురించి ఆ పుస్తకం. పేరులోనే రెండు జాతులు. కబర్దీయులు కింది మైదానాల్లో గుర్రాలు పెంచేవాళ్లు. బల్కార్లు పై లోయల్లో, ఎల్‌బ్రస్ మంచు కొండ నీడన గొర్రెలు కాసేవాళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు. రెండు భాషలకూ చుట్టరికమే లేదు. విప్లవం తరువాత ఇద్దరినీ ఒక స్వయంప్రతిపత్తి ప్రాంతంలో కలిపారు, ఆ పై దాన్ని గణతంత్రం చేశారు. రష్యనులు, ఇంకెందరో కూడా అక్కడ ఉన్నారు. బడులు, ఆసుపత్రులు, వాళ్ల వాళ్ల భాషల్లో పత్రికలు. ఫొటోల్లో ఒక కొండజాతి ఆడపిల్ల తెల్ల కోటు వేసుకుని సూక్ష్మదర్శినిలోకి చూస్తూ ఉంటుంది. ఆ ఫొటో ముందు నేను చాలాసేపు కూర్చునేవాణ్ని. మా కొండల్లోనూ ఎన్ని తెగలు, ఎన్ని భాషలు. మాకు ఇలాంటిది ఎందుకు లేదు? ఇది కూడా నా ఫిర్యాదుల్లో చేరింది.

కానీ ఆ పుస్తకంలో ఒక చోట నాకు ముల్లు గుచ్చుకుంది. యుద్ధం తరువాత కట్టిన ఫ్యాక్టరీల గురించి చెప్పే పేజీల్లో గణతంత్రం పేరు 'కబర్దా' అని మాత్రమే ఉంది. అటు ముందు పేజీల్లో రెండు పేర్లు. తరువాతి పేజీల్లో మళ్లీ రెండు. మధ్యలో ఒకటే. ఎందుకో ఒక్క వాక్యం లేదు. ఇంకెవరైనా అచ్చుతప్పు అనుకుని వదిలేసేవారు. నేను వదలను కదా. పుస్తకాల షాపుకి రాశాను, అనువాదకుడికి రాశాను. ఎవరూ పలకలేదు. చివరికి వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్లి, గ్రంథాలయంలో ఇంగ్లిషు పత్రికల కట్టలు తిరగేసి, నాలుగో రోజున కనుక్కున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. జర్మన్లు అప్పటికే ఆ కొండలు విడిచి వెళ్లిపోయారు. ఒక మార్చి నెల తెల్లవారుజామున పై లోయల్లోకి సైనికుల లారీలు వచ్చాయి. మీరు శత్రువుకు సాయం చేశారు, మూటలు కట్టుకోండి అన్నారు. ఒకరో ఇద్దరో కాదు, మొత్తం బల్కార్లు. ముసలివాళ్లు, పాలుతాగే పిల్లలు. వాళ్ల మగవాళ్లు అదే సమయంలో అదే దేశం తరఫున యుద్ధంలో ఉన్నారు. పశువుల్ని ఎక్కించే రైలు పెట్టెల్లో రెండు వారాలకు పైగా తీసుకెళ్లి మధ్య ఆసియా మైదానాల్లో దించారు. దారిలో చచ్చిపోయినవాళ్లను పట్టాల పక్కన మంచులో వదిలేశారు. ఆ తరువాత గణతంత్రం పేరులోంచి రెండో సగం తీసేశారు. ఊళ్ల పేర్లు మార్చారు. పై లోయల్లో కొంత నేల పక్క గణతంత్రానికి ఇచ్చారు. స్టాలిన్ పోయిన కొన్నేళ్లకు తిరిగి రానిచ్చారు, పేరు తిరిగి అతికించారు. జరిగింది మాత్రం పుస్తకాల్లోకి రానివ్వలేదు. ఆ లారీలు రాకముందే పదిహేనేళ్ల వ్యవధిలో వాళ్ల రాత రెండుసార్లు మారింది. అరబీ అక్షరాలు, తరువాత లాటిన్, తరువాత రష్యను అక్షరాలు. తాత రాసింది తండ్రి చదవలేడు, తండ్రి రాసింది కొడుకు చదవలేడు. ఇక జరిగింది ఎవరు రాసి పెడతారు?

ఇది తెలిశాక నేను ఊరుకోలేకపోయాను. టీచర్ల సమావేశంలో లేచి చెప్పాను. పై అధికారి గడియారం చూసుకున్నాడు. వెనక వరసలో ఎవరో, ఇక ఈయన పేరు రష్యా మాస్టారు అన్నారు. అందరూ నవ్వారు. ఎవరన్నారో నాకు తెలుసు.

నవ్వకుండా విన్నది ఆ ఊరివాళ్లే. ఒక సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని చెప్పాను. మూటలు కట్టుకోమన్నారు అన్న చోట ముసలమ్మలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నీళ్లొస్తున్నాయి, మూటలు కట్టుకోండి అన్న మాట వాళ్లు విన్నదే. అంతా విని బుద్ర ఒక ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, ఆళ్ల పేరు కొట్టీసినోడు ఎవుడు?"

పైవాళ్లు, ప్రభుత్వం అన్నాను.

"అది కాదు. కలం పట్టుకుని కొట్టీసినోడు. ఆ సేయి ఎవుడిది?"

ఎవరో గుమాస్తా అయి ఉంటాడన్నాను.

"ఆడికి ఆ పూట కూడు ఎలా దిగిందో."

నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, తరువాత చాలా చోట్ల అది నాదేనన్నట్టు చెప్పాను.

ఇది మాఘమాసంలో. చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మా కొండల్లో అదే పెద్ద పండగ. మగవాళ్లు వేటకు వెళతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర కట్టి, పోయేవాళ్లను ఆపి, పాటలు పాడి, ఏదో ఒకటి ఇస్తే గాని వదలరు. సంతకు వెళ్లి వస్తుంటే నా కళ్ల ముందే ఒక జీపును ఆపారు, ఇద్దరు వ్యాపారుల్ని ఆపారు. నన్ను చూసి కర్ర ఎత్తి, పో మాస్టారూ అన్నారు. ఈ బడిపంతులు దగ్గర ఏముంటుందిలే అనుకున్నారు కాబోలు అని ఆ చిన్న మంట కూడా గూట్లో వేసుకున్నాను.

వేటలో ఆ ఏడు కొండగొర్రె పడింది. ఆ ఊళ్లో వేటమాంసం పొయ్యికి ఒక వాటా చొప్పున వేస్తారు. ఇల్లు పెద్దదా చిన్నదా చూడరు. పొగ లేచే ప్రతి పొయ్యికీ ఒక వాటా. నాకు ఆ ఊళ్లో ఆరో ఏడు. అంతకు ముందు పండగలకు సెలవు పెట్టి మా ఊరు పోయేవాణ్ని, ఆ ఏడే ఉండిపోయాను. నా గది ముందు మూడు రాళ్ల పొయ్యి ఉంది. తప్పెట్లు వినిపిస్తున్నాయి. నేను ఉల్లిపాయలు తరిగాను. మిరియాలు, అల్లం నూరాను. గిన్నె కడిగి బోర్లించాను. ఎవరో ఒకరు వచ్చి, రా మాస్టారూ అంటారని తలుపు తీసి కూర్చున్నాను.

ఎవరూ రాలేదు. ఒక్కొక్క ఇంటినుంచి పొగ లేచింది, కూర వాసన వచ్చింది. నా గుమ్మం ముందునుంచే బుద్ర తమ్ముడు అడ్డాకులో చుట్టిన వాటా పట్టుకుని వెళ్లాడు. నన్ను చూసి నవ్వాడు కూడా. నేను తరిగిన ఉల్లిపాయలు అన్నంలో కలుపుకుని తిన్నాను. ఆ నూరిన ముద్ద మరునాటికి కూడా గిన్నెలో ఉంది. పారేశాను.

మీరు నవ్వుకోవచ్చు. ఒక ఆకు మాంసం కోసమా? దాని కోసం కాదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఆరేళ్లు అక్షరాలు నేర్పాను. జ్వరాలకు మాత్రలిచ్చాను. వాళ్ల పాటలు నేర్చుకున్నాను. మునిగిపోయిన ఊరి కథకు తోడుగా ఇంకో దేశం కథ తెచ్చి ఇచ్చాను. అయినా పొయ్యిలు లెక్కపెట్టేటప్పుడు నా పొయ్యి పొయ్యి కాలేదు. కొండ కింద నేను కొండోణ్ని, కొండ మీద నేను పరాయివాణ్ని. ఇంతకాలం పెంచుకున్న అవమానాలన్నీ ఆ ఒక్కదాని చుట్టూ వచ్చి కూర్చున్నాయి.

జూన్‌లో బడి తెరిచాం. బుద్ర పదకొండు మంది పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అందులో సుక్రి ఒకతి. వాళ్లకి పుట్టిన తేదీలుండవు, మేమే ఒక తేదీ వేస్తాం. పేర్లు కూడా మేమే సరిచేస్తాం, ఒకే తరగతిలో నలుగురు సుక్రిలుంటే ఎలా అని. రిజిస్టరులో సుక్రిని నేను సుకుమారిని చేశాను. ఇది మేమందరం చేసే పని, దీన్ని తప్పని అప్పుడు ఎవరమూ అనుకోలేదు. తరువాతి గడి తెగ. బుద్ర తెగ పేరు చెప్పాడు. చెప్పక్కరలేదు, నాకు తెలుసు. కలం అక్కడ ఆగింది. నేను ఆ గడిలో అడ్డగీత గీసి, చివరి గడిలోకి వెళ్లి రాశాను. ఒరిస్సా వలస. తెగ తెలియదు.

మొదటి పేరు పక్కన రాసి, కింది పది మందికీ అదే అని గుర్తులు పెట్టాను. బుద్ర నా కలం కదలడం చూస్తూ నిలబడ్డాడు. అతనికి చదువు రాదు. తన పిల్ల పేరు కాగితం మీదికి ఎక్కుతోందని సంతోషంగా ఉన్నాడు.

దాని వల్ల ఏం జరుగుతుందో నాకు తెలుసా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఒక్కోసారి తెలియదని చెప్పుకుంటాను. వలస వచ్చారన్నది నిజమే కదా, అబద్ధం రాయలేదు కదా అని చెప్పుకుంటాను. కానీ మీ దగ్గర ఎందుకు? తెలుసు. గిరిజనుడన్న ధ్రువపత్రం కావాలంటే ఆఫీసువాళ్లు మొదట అడిగేది బడి రిజిస్టరే. తెగ గడిలో ఏముంటే అదే మనిషి. మీరు నన్ను మీవాణ్ని అనుకోలేదు కదా, ఇక్కడ మీరూ ఎవరూ కారు పొండి, అనుకున్నాను. సరిగ్గా ఈ మాటల్లోనే అనుకున్నాను. పేరులో సగం కొట్టేసిన గుమాస్తా మీద అంత మండిపడ్డవాణ్ని, ఆ పని చేస్తున్నప్పుడు ఆ గుమాస్తా నాకు గుర్తుకు రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చాడు. వస్తే పక్కకు నెట్టాను.

ఆ పూట నాకు అన్నం బాగానే దిగింది. బుద్ర ప్రశ్నకు జవాబు అది.

తరువాత బదిలీ మీద పక్క పంచాయతీకి వెళ్లాను. పదకొండు మందిలో చాలామంది మధ్యలోనే మానేశారు. ఆశ్రమ పాఠశాలలో చేరి పదో తరగతి దాటింది సుక్రి ఒక్కతే. మంచి మార్కులు. నర్సు ట్రైనింగుకి సీటు వచ్చింది, పదిహేను రోజుల్లో ధ్రువపత్రం తెచ్చి చేరాలన్నారు. తండ్రీ కూతురూ మండల ఆఫీసుకు వెళ్లారు. అక్కడి గుమాస్తా బడి నుంచి పాత రిజిస్టరు తెప్పించి, వేలు పెట్టి చూపించి, తెగ తెలియదని ఉంది, మీరు ఒరిస్సావాళ్లు, నేనివ్వలేను అన్నాడు.

బుద్ర ఎవరి దగ్గరికి వస్తాడు? అర్జీలు రాయడంలో చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. మా బడికి వచ్చాడు. పాలిథిన్ సంచిలో సుక్రి కాగితాలు. నన్ను చూడగానే సగం పని అయిపోయినట్టు కూర్చున్నాడు. నేను తెల్లకాగితం తీశాను. రిజిస్టరు తనిఖీకి ఆఫీసుకు వెళ్లినప్పుడు, విచారణ లేకుండా ఎవరో గుమాస్తా నిర్లక్ష్యంగా చేసిన నమోదు వల్ల అని రాశాను. పైగా ఇంత చేస్తున్నాను అన్న గీర వచ్చింది. పాత పుండు నాలుక మీదికి వచ్చింది.

"మీ ఊరికి ఎంత చేసినా అంతే బుద్రా. ఆరేళ్లు ఉన్నాను. ఇటుకల పండక్కి నాకు ఒక్క వాటా ఇచ్చారా?"

"ఏటి మాస్టారూ?"

"కొండగొర్రె పడిన ఏడు. అందరూ తెచ్చుకున్నారు. నన్ను పిలిచారా?"

అతను నా మొహంలోకి చూశాడు. నేను పరాచికాలాడుతున్నానేమోనని.

"నిన్ను పిలవడమేటి? సుట్టాలొత్తే పిలుత్తాం. దారిన పోయేటోడిని పిలుత్తాం. ఊరోడిని ఎవుడు పిలుత్తాడు? మా తమ్ముడిని పిలిసినామేటి? ఆకు పట్టుకుని ఆడే వొచ్చినాడు."

నేను కలం కింద పెట్టాను.

"నీ పొయ్యికీ వాటా ఏసినాం. నువ్వు ఏసు మనిషివి, అమ్మోరి ముందు పెట్టినది తింటావో తినవో అని, పెట్టకముందే తీసి ఉంచినాను. నా సేత్తోనే. రెండు రోజులు సూసినాం. నువ్వు రానేదు. పొయ్యి మీద ఆరగట్టినాం. అప్పుడూ రానేదు. మాస్టారికి మన ఇంటి కూడు ఆనదేటో అనింది మా ఆడది. నాకూ కట్టంగానే ఉండింది, అబద్దమెందుకు."

"ఒక్క మాట అడగొచ్చు కదా బుద్రా."

"నువ్వు మాత్రం అడిగినావేటి?" అని నవ్వాడు. "పదేళ్లు కడుపులో ఎట్టుకున్నావు, గట్టోడివే. పోనీలే. బేగి రాయి మాస్టారూ, ఆఫీసు మూసీత్తారు."

దారిలో కర్ర ఎత్తి నన్ను ఎందుకు పోనిచ్చారో కూడా అప్పుడే అర్థమైంది. పరాయివాళ్లనే కదా ఆపేది.

ఇక్కడే నా అసలు నేరం ఉంది. రిజిస్టరులో రాసిన రోజున నాకు కోపం ఉంది, దాని వెనక దాక్కోవచ్చు. అర్జీ రాసిన రోజున ఆ కోపానికి కారణమే లేదని తేలిపోయింది. ఇంకా గడువుంది. ఆ రాత నాది, అది తప్పు, వాళ్ల తెగ ఇది అని ఒక్క కాగితం మీద సంతకం చేసి ఇస్తే చాలు. నామీద విచారణ జరిగేది. ఉద్యోగం పోయేదో, పోయేది కాదో. అన్నిటికన్నా, ఎదురుగా కూర్చున్న ఆ మనిషి మొహం మారిపోయేది. దాన్ని చూడలేక కలం మళ్లీ పట్టుకున్నాను. అర్జీ పూర్తి చేశాను. బాగా కుదిరింది. చదివి వినిపిస్తే బుద్ర తలూపుతూ విన్నాడు.

అర్జీ వల్ల ధ్రువపత్రం రాలేదు, సీటూ రాలేదు. గడువు దాటింది. నేను ఆగలేదు. పైకి రాశాను, ఇంకా పైకి రాశాను. చివరికి మండల ఆఫీసులోని ఆ గుమాస్తాను దూర మండలానికి బదిలీ చేశారు. అతను రాయనిదాన్ని అతనే రాశాడని. అతనికి ముసలి తల్లి ఉందని, ఆమెను మంచం మీదనే లారీ ఎక్కించాడని తరువాత విన్నాను. నా అర్జీ గెలిచింది అదొక్కటే.

సుక్రి అనంతగిరి వైపు కాఫీ తోటల్లో పళ్లు కోసే పనికి వెళ్లింది. మరో రెండేళ్లకు వానాకాలంలో బుద్రకు జ్వరం తలకెక్కింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. రోడ్డు దగ్గరే పోయాడు. ఆ ఊరికి సూది మందు వేసే మనిషి ఒకరుంటే బతికేవాడా? తెలియదు. ఆ మనిషి సుక్రి అయ్యేదా? తెలియదు. ఈ రెండు తెలియదుల మధ్య మూడేళ్లుగా తిరుగుతున్నాను. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంటి చూరుకు ఆ పాలిథిన్ సంచి వేలాడుతోంది. నా అర్జీల నకళ్లన్నీ దాచుకున్నాడు.

పోయిన నెల నేను రిటైరయ్యాను. సభ పెట్టారు. జీవితంలో మొదటిసారి నాకు శాలువా కప్పారు. గిరిజనుల తరఫున అలుపు లేకుండా అర్జీలు రాసిన మాస్టారు అని పొగిడారు. వరసగా అందరూ పొగిడారు, ఒక్కరు కూడా నన్ను అవమానించలేదు. గుడారం చివర సుక్రి బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. చప్పట్లు కొట్టలేదు. బిడ్డ చేతిలో ఉంది కాబట్టి అనుకున్నాను.

నిన్న పొద్దున ఆ ఊరు వెళ్లాను. జరిగినదంతా రాసి, కింద పూర్తి పేరు, ఉద్యోగం, తేదీ వేసి సంతకం చేసిన కాగితం తీసుకుని. నేను రాసిన ప్రతి అర్జీ కిందా నా సంతకం ఉంది. ఆ నాలుగు మాటల కింద మాత్రమే లేదు, ఇప్పుడు పెట్టాను. మీకు రాస్తున్న దీని కింద పేరు ఉండదు, ఆమె కోసం. ఆ కాగితంలో ఉంది.

సుక్రి తండ్రి ఇంటి అరుగు మీద కాఫీ పళ్లు ఆరబోస్తోంది. కాగితం ఇచ్చాను. చేతులు తుడుచుకుని, నిలబడే చదివింది. రెండో పేజీ తిప్పింది. చివరిదాకా చదివి, మడతల మీదే మళ్లీ మడిచింది.

"తెలుసు మాస్టారూ," అంది. "నాకు అచ్చరాలు దిద్దించింది నువ్వు కాదేటి. ఆఫీసులో బుక్కు తెరిసినప్పుడే తెలిసింది. అయ్యకి సెప్పనేదు. నువ్వున్నావని ఆడికి దైర్నెం."

ఇంకేమైనా అంటుందని చూశాను. తిడితే బాగుండేది. ఎందుకు చేశావని అడిగితే, ఆ ఉల్లిపాయల సంగతి చెప్పుకునేవాణ్నేమో. ఆమె అడగలేదు. చూరుకు వేలాడే సంచి దించి, కాగితం అందులో పెట్టి, మళ్లీ తగిలించింది. బిడ్డ ఏడిస్తే లోపలికి వెళ్లింది.

ఆ కాగితం ఎక్కడ ఇస్తుందో, అసలు ఇస్తుందో లేదో నాకు తెలియదు. దాని వల్ల పోయిన సీటు రాదు, బుద్ర రాడు. కాకసస్ కొండల్లో పేరు తిరిగి అతికించారని చదివి ఒకప్పుడు సంతోషించాను. అతికించిన పేరు కింద ఎంతమంది లేరో అప్పుడు ఆలోచించలేదు. నాకు క్షమాపణ దొరికిందని మీకు చెప్పలేను. అడగలేదు కూడా. ఛాతీలో ఇన్నాళ్లూ బిగించుకున్నది మాత్రం కొంచెం వదులైంది. ఆ చేయి ఎవరిదని బుద్ర అడిగాడు. నాది. అంతే. ఈ ఒక్క మాట చెప్పడానికి ఇన్ని కాగితాలు పట్టాయి.

లోపల పొయ్యి రాజేసిన చప్పుడైంది. పొగ వచ్చింది. జావ ఉడుకుతున్న వాసన. నేను అరుగు మీద కూర్చునే ఉన్నాను. సుక్రి పిలవలేదు. లేచి ఆకు పట్టుకుని నా అంతట నేను లోపలికి వెళ్లగలిగిన హక్కు ఒకప్పుడు ఆ ఇంట్లో నాకుండేది. కాసేపు చూసి, చెప్పులు వేసుకుని కొండ దిగాను.